మైలా, మడిచెక్కా? దూరపు జ్ఞాతుల గురించి ఒక వాదోపవాదం

వాదానికి వచ్చిన ప్రశ్న ఇది. పందొమ్మిదో శతాబ్దపు తెలుగు పల్లెల్లో, అయిదారు తరాల కిందట విడిపోయి, వేర్వేరు ఊళ్లలో స్థిరపడి, ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోని జ్ఞాతులు ఒకరినొకరు ‘మనవాళ్లు’ అనుకోవడానికి ఆధారం ఏమిటి? మైల పట్టించే భక్తివిశ్వాసాలా, మడిచెక్క, అంటే పొలం ముక్క, చుట్టూ తిరిగే ఆస్తి లెక్కలా? పక్షాలు పట్టినవారిద్దరూ ఒకే ఇంటివారు. పెదనాన్న ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుడు, తమ్ముడి కూతురు చరిత్ర అధ్యాపకురాలు. ఇద్దరిలో ఎవరూ తమకు అనుకూలమైన ఉదాహరణల దగ్గరే ఆగిపోలేదు గనుక వారి మాటలను ఇక్కడ ఇవ్వడం సమంజసమనిపించింది.

పెదనాన్న: అమ్మా, నేను మైలతోనే మొదలుపెడతాను. ఏడు తరాల లోపలి సపిండుడు పోతే పది రోజులు, ఆ పైన పద్నాలుగో తరం దాకా సమానోదకుడైతే మూడు రోజులు మైల పట్టాలన్నది బ్రాహ్మణ కుటుంబాలలో పిల్లలకు కూడా తెలిసిన లెక్క. చావు కబురు తెచ్చినవాడు గడప దాటి లోపలికి రాడు, వీధిలోనే నిలబడి పోయినవారి పేరు, తిథి చెబుతాడు. వెంటనే ఇంటిల్లిపాదీ తలమీద నీళ్లు పోసుకుంటారు, దేవతార్చన ఆగుతుంది, ముహూర్తం పెట్టుకున్న పెళ్లి ఉంటే వాయిదా పడుతుంది. పోయిన మనిషిని ఆ ఇంట్లో ఎవరూ కళ్లారా చూసి కూడా ఉండకపోవచ్చు. కబురు ఆలస్యంగా అందితే మైల ఎన్నాళ్లు పట్టాలో, ఏడాది దాటాక తెలిస్తే స్నానంతో సరిపోతుందో లేదో కూడా శాస్త్రం ముందే ఆలోచించి పెట్టింది. ఎక్కడో ఉన్న, ఎన్నడూ చూడని మనిషి కోసం తన ఇంటి శుభకార్యాన్ని ఆపుకున్నవాడికి దానివల్ల ఒరిగిందేమిటో నువ్వు చెప్పు.

తమ్ముడి కూతురు: పెదనాన్నగారూ, మీరు చెప్పిన వరస మరొక చోట కూడా కనిపిస్తుంది. మన ప్రాంతానికి ప్రమాణమైన మితాక్షర అనే ధర్మశాస్త్ర గ్రంథంలో, కొడుకులు లేకుండా పోయినవాడి ఆస్తికి దగ్గరి వారసులెవరూ మిగలకపోతే గోత్రజులైన సపిండులు వస్తారు, వారూ లేకపోతే సమానోదకులు, ఆ తరువాతే ఆడవారి వైపు నుంచి చుట్టరికమున్న బంధువులు. మైల ఏ మెట్ల మీదుగా దిగుతుందో ఆస్తి కూడా దాదాపు అవే మెట్ల మీదుగా దిగుతుంది. పది రోజులు మైల పట్టి, పన్నెండో రోజు భోజనానికి కూర్చున్నవాడు తాను దాయాదినని ఊరందరి ఎదుట రుజువు చేసుకున్నట్టే. జనన మరణాల పుస్తకాలు లేని కాలంలో, ‘వీరు మా మైల పట్టేవారే’ అని నలుగురు చెప్పగల సాక్ష్యానికి విలువ ఎంతో మీకు తెలియనిది కాదు. కనుక ఒరిగిందేమిటంటే, ఎప్పటికైనా పనికివచ్చే ఒక హక్కు ఒరిగింది.

పెదనాన్న: ఎకరం భూమి కూడా లేని అర్చకుడు, మరొక ఊళ్లో తనలాగే ఏమీ లేని జ్ఞాతి పోతే మైల పట్టలేదా? అక్కడ ఏ హక్కు కోసం? పోనీ, మైల బతికున్నవారి మధ్య వ్యవహారమని అనుకుందాం. తర్పణాల సంగతి ఏమంటావు? మహాలయ పక్షంలోనైనా, పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే గోదావరి పుష్కరాలలోనైనా, తండ్రి తాతలతోనే ఆగకుండా పినతండ్రిని, మేనమామను, మేనత్తను, అత్తమామలను, గురువును, స్నేహితుణ్ణి కారుణ్య పితరులుగా పేరుపేరునా తలచుకుంటారు. అంతా అయ్యాక చివరికి, మన వంశంలో పుట్టి కొడుకులు లేకుండా పోయినవారు ఎవరెవరున్నారో వారందరూ అందుకోవాలని చెబుతూ తడిబట్ట పిండి ఆ నీళ్లు నేలమీద వదులుతారు. పేరు కూడా మరిచిపోయిన జ్ఞాతికి సైతం అక్కడ ఒక చోటుంది. ఇది ఏ దస్తావేజుకూ పనికిరాని స్మరణ.

తమ్ముడి కూతురు: ఆ ఘట్టం నాకూ ఇష్టమే, కాని అందులో ఉన్న చమత్కారాన్ని మీరు గమనించకుండా వదిలేశారు. కొడుకులు లేకుండా పోయినవాడి పొలం జ్ఞాతులకు దక్కింది, ఆ జ్ఞాతుల నుంచి వాడికి దక్కింది పిండిన బట్ట నీళ్లు.

పెదనాన్న: మాట బాగుంది, కాని న్యాయంగా లేదు. పొలం తీసుకున్నవాడు పిండం పెట్టాలన్నది కూడా ఆ ధర్మంలోనే ఉంది.

తమ్ముడి కూతురు: ధర్మంలో ఉంది, నిజమే. మరొక సంగతి. ఇప్పటిదాకా మనం మాట్లాడినదంతా పంచాంగం చదవగలిగిన ఇళ్ల గురించే. సపిండ, సమానోదక లెక్కలు తెలియని వ్యవసాయ కుటుంబాలకు, చేతివృత్తుల వారికి, పల్లె చివర వాడల్లో ఉన్నవారికి కూడా దూరపు చుట్టాలున్నారు. వారి మాట ఎత్తకుండా తెలుగు పల్లె గురించి తీర్పు చెప్పడం కుదరదు.

పెదనాన్న: ఒప్పుకున్నాను, నా వాదానికి బలం అక్కడే ఇంకా ఎక్కువ. ఒకే ఇంటిపేరు వారు పాలివాళ్లుగా విడిపోయి నాలుగైదు ఊళ్లకు వెళ్లినా ఇలవేల్పు మాత్రం మొదటి ఊళ్లోనే ఉంటుంది. కొలుపులు చేయాలనుకున్నప్పుడు అన్ని కొమ్మలవారికీ కబురు పంపాలి, ఒక్క కొమ్మను మరిచిపోయినా దేవత అలుగుతుందన్న భయం ఉంటుంది. పేరంటాళ్ల సంగతి చూడు. సహగమనం చేసిన ఆడపడుచో, ముత్తయిదువుగా పోయిన కోడలో ఆ వంశానికి పేరంటాలై వెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వం 1830లో సహగమనాన్ని నిషేధించింది గాని, అంతకుముందు వెలిసిన పేరంటాళ్లకు పసుపు కుంకుమలు, చీర, రవిక పెట్టడం ఆగలేదు. ఇంట్లో పెళ్లి కుదిరితే ఆమెకు చీర పెట్టిన తరువాతే మిగతా పనులు. ఆ చీర పెట్టడానికి ఆ గుడి దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు, తోడికోడళ్ల మనవరాళ్ల వరస దాకా, ఎవరు ఎవరికి ఏమవుతారో అక్కడే తెలుసుకునేవారు. ఆస్తిలో వాటా లేని ఆడవాళ్లు కాపాడిన చుట్టరికం అది. దానికి నీ మడిచెక్క లెక్క ఎలా అతుకుతుంది?

తమ్ముడి కూతురు: అది అతకదు, ఒప్పుకుంటున్నాను. ఆడవాళ్లు ఆ వరసలను గుర్తుపెట్టుకోవడంలో పెళ్లి సంబంధాల అవసరం కూడా ఉందని అనవచ్చు గాని, పేరంటాలికి చీర పెట్టే మనిషి సంబంధాల జాబితా రాసుకుంటోందని చెబితే అది నా మొండితనమే అవుతుంది.

పెదనాన్న: అయితే పల్నాడు కూడా చెప్పనీ. కార్తిక అమావాస్యకు కారంపూడిలో, పల్నాటి యుద్ధంలో పోయిన వీరుల ఆరాధన జరుగుతుంది. ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో తమ ఇళ్లలో తరతరాలుగా దాచుకున్న ఆయుధాలను తెచ్చి నాగులేటిలో కడిగి, వీరుల గుడి ముందు నిలబెడతారు. రాచగావుతో మొదలై కల్లిపాడుతో ముగిసే ఆ అయిదు రోజులూ, ఏ ఆయుధం ఏ ఇంటిదో, ఆ ఇంటివారు ఏ వీరుడికి సంబంధించినవారో అందరికీ తెలుసు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడును తలచుకుంటూ కులాలు కలిసి తింటాయి. రక్తసంబంధాన్ని మించిన బంధుత్వాన్ని విశ్వాసం కల్పించిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

తమ్ముడి కూతురు: ఆరో రోజున ఏం జరిగిందని అడుగుతాను. చాప మడిచి పెట్టి, ఎవరి వాడకు వాళ్లు వెళ్లిపోయారు. విశ్వాసం ఒక పండుగకు సరిపడా బంధుత్వాన్ని ఇచ్చింది, అది చిన్న విషయమేమీ కాదు. అయితే కష్టకాలంలో చెయ్యి పట్టుకునేవాడే చుట్టమన్నది నేను తీసుకున్న కొలత. నందన నామ సంవత్సరపు కరువు, అంటే 1832–33 నాటిది, ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షకు పైగా ప్రాణాలు తీసుకుంది. అప్పుడు ఇల్లు వదిలి మద్రాసు దారి పట్టినవారిని ఏ మైల సంబంధం ఆపగలిగింది? చుట్టాల ఇంట్లోనూ గింజ లేనప్పుడు చుట్టరికం ఏం చేయగలదు?

పెదనాన్న: గింజ లేనప్పుడు ఏదీ ఏమీ చేయలేదు. అది విశ్వాసం మీద వేయవలసిన నేరం కాదు. అంత దూరం పోకుండా అసలు పరీక్షకు వద్దాం. విశ్వాసం ఒకవైపు, లాభం ఒకవైపు లాగినప్పుడు జ్ఞాతులు ఎటు మొగ్గారు? 1856లో వితంతు వివాహాల చట్టం వచ్చింది. అందులోనే, మారు మనువు చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కు పోతుందని, ఆమె చనిపోయినట్టే లెక్కగట్టి అది భర్త తరఫు వారసులకు చేరుతుందని కూడా ఉంది. నువ్వన్నట్టు దాయాదులకు మడిచెక్కే సర్వస్వమైతే, వంశంలోని ప్రతి చిన్న వితంతువుకూ వారే ముందుండి పెళ్లి చేయించాలి, తెల్లారేసరికి పొలం వారిది అయ్యేది. కాని 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఏం జరిగింది? బంధువర్గం ఎదురుతిరిగింది, పెళ్లికి వెళ్లినవారిని, వెళ్లినవారితో కలిసి తిన్నవారిని వెలివేశారు, కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని తిరిగి కులంలో చేరారు. లాభాన్ని కాలదన్ని నమ్మకాన్ని పట్టుకున్నారు. ఆ నమ్మకం మంచిదని నేను అనడం లేదు, సుమా. ఆ బాలవితంతువుల విషయంలో నేను పంతులుగారి పక్షమే. బలం దేనికి ఉందన్నదే నా ప్రశ్న.

(ఇక్కడ ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. నా దృష్టిలో ఈ వాదమంతటిలో పెదనాన్న వేసిన అతి గట్టి దెబ్బ ఇదే.)

తమ్ముడి కూతురు: ఇది తేలిగ్గా దాటవేయదగిన మాట కాదు. అయినా లెక్క మరోసారి చూద్దాం. అవిభక్త కుటుంబంలో వితంతువుకు ఉండేది మనోవర్తి మాత్రమే, పొలం అప్పటికే మరుదుల చేతిలో ఉంది. విభక్తమైన ఇంట్లో ఆమెకు దక్కేది బతికున్నంతకాలం అనుభవించే హక్కు, ఆమెకు కూతుళ్లు లేకపోతే ఆమె తరువాత ఎలాగూ అది జ్ఞాతులకే వస్తుంది. అంటే పెళ్లి చేయించడం వల్ల వారికి కలిసివచ్చేది కొంత కాలం మాత్రమే. పోయేది ఏమిటి? వెలి పడితే ఇంట్లో ఉన్న ఆడపిల్లలకు సంబంధాలు రావు, చావు వస్తే మోయడానికి నలుగురు రారు, పురోహితుడు గడప తొక్కడు. పదేళ్లు ముందుగా వచ్చే పొలం కోసం ఇంత నష్టాన్ని ఎవరు కొనితెచ్చుకుంటారు? వారు లాభాన్ని కాలదన్నలేదు, పెద్ద నష్టాన్ని తప్పించుకున్నారు.

పెదనాన్న: వెలికి అంత శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? పెళ్లికి వెళ్లివచ్చినవాడి చేతి నీళ్లు తాగితే తన పరలోకం చెడుతుందని పొరుగువాడు నమ్మితేనే కదా వెలి పనిచేసేది? నువ్వు చూపించిన నష్టం కూడా విశ్వాసం ముద్రవేసిన నాణేలలోనే ఉంది.

తమ్ముడి కూతురు: కొందరు నమ్మారు, చాలామంది పొరుగువాడు నమ్ముతాడేమోనని భయపడ్డారు. ఈ రెండూ వేరని నేను అంటాను. ఇప్పుడు నా వంతు పరీక్ష పెట్టనివ్వండి. 1868లో, అప్పటి మన కోర్టులన్నిటికీ పైకోర్టు అయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ రామనాథపురం దత్తత వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. భర్త అనుమతి ఇవ్వకుండా పోయినా, అతని సపిండుల సమ్మతితో వితంతువు దత్తత చేసుకోవచ్చునని, ద్రావిడ దేశంలో అది చెల్లుతుందని దాని సారాంశం. మద్రాసు రాజధాని అంతటా, మన జిల్లాలతో సహా, న్యాయస్థానాలు ఆ దారినే నడిచాయి. దాని పర్యవసానం ఊహించండి. ఊరి చివర పెంకుటింట్లో ఒంటరిగా ఉన్న ఒక వితంతువు, భర్తకు పిండం పెట్టేవాడు ఉండాలని, కొంగు కప్పుకుని, తోడుకు ఒక ముసలామెను వెంటబెట్టుకుని, ఏనాడూ గడప తొక్కని జ్ఞాతుల ఇళ్లకు సమ్మతి పత్రం పట్టుకుని బయలుదేరాలి. ఆమె ఎవరిని అడుగుతోంది? ఆ దత్తత జరిగితే పొలం చేజారిపోయేవారినే. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి పత్రం చదివి, పంచాంగం చూడాలంటాడు, తమ్ముడితో మాట్లాడాలంటాడు, చివరికి కాలువ కింది మడి సంగతి ఎత్తుతాడు. పోయినవాడి పరలోకం అతని సంతకం మీద ఆధారపడి ఉందని ఇద్దరికీ తెలుసు. ఈ దృశ్యం నేను కల్పించుకున్నదే గాని, డబ్బు పుచ్చుకుని ఇచ్చిన సమ్మతి చెల్లదని వాదించవలసి రావడమే అలాంటి బేరాలు ఎంత మామూలో చెబుతుంది.

పెదనాన్న: ఆ తీర్పులోనే ఉన్న కారణాన్ని వదిలేశావు. జ్ఞాతుల సమ్మతి ఎందుకు కావాలన్నారు? ఆ వితంతువు కోపంతోనో, దురాశతోనో కాక ధర్మకార్యంగానే దత్తత చేసుకుంటోందనడానికి అది సాక్ష్యమని. అంటే, తమకు నష్టం కలిగే విషయంలో సైతం దూరపు జ్ఞాతి ధర్మబుద్ధితో మాట చెప్పగలడని నమ్మిన సమాజం ఒకటుందన్నమాట. నువ్వు చూపించిన అరుగు మీది పెద్దమనిషి ఉన్నాడు, కాదనను. ఊరికే సంతకం పెట్టి, ‘మా అన్నకు నీళ్లు వదిలేవాడు ఉండాలి, వదినా’ అన్నవాడు కూడా ఉన్నాడు. అతని కాగితం ఏ కోర్టుకూ ఎక్కలేదు గనుక నీ చరిత్రకు అందలేదు.

తమ్ముడి కూతురు: అది నిజమే, కోర్టు కాగితాలను మాత్రమే చదివితే పల్లె అంతా తగాదాలే కనిపిస్తుంది. అందుకే కోర్టుకు ఎక్కేంత ఆస్తి లేనివారి దగ్గరికి వెళదాం. ధాత కరువు ఏళ్లు, 1876 నుంచి 1878 దాకా. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడ 1866 నుంచి ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని కరువు బాధితులకు పని ఇచ్చాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు తీవ్రంగా ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ మాట ఊరూరికీ ఎలా పాకిందో చూడండి. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి ఈ బోధ విన్నాడు, తిరిగివచ్చి తనవారికి చెప్పాడు. అక్కడి నుంచి బావల ఊరికి, వియ్యంకుల ఊరికి, మేనమామల పల్లెకు వెళ్లింది. విశ్వాసం చుట్టరికాన్ని నిలబెట్టిందని మీరన్నారు. ఇక్కడ చుట్టరికమే విశ్వాసాన్ని మోసుకుపోయింది. ముందు ఉన్నది ఏది?

పెదనాన్న: ఆ చుట్టరికం కొత్త విశ్వాసం వచ్చాక అలాగే నిలిచిందా? క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. జాతరలో డప్పు కొట్టడం, దేవతకు చేయవలసిన ఊడిగాలు ఆ వాడవారి మిరాసీ, అంటే తరతరాల హక్కు. ఒక ఇంటివారు కొత్తగా నమ్మి డప్పు కొట్టబోమన్నారు, పక్క ఇంటి పాలివారు కొట్టక తప్పదన్నారు. ఊరి పెద్దలు కక్షగట్టి పని మాన్పించారు, దెబ్బలు కొట్టారు, బావి దగ్గరికి రానివ్వలేదు. అన్నదమ్ముల బిడ్డల మధ్య గీత గీసింది విశ్వాసమే కదా. కలిపే శక్తి లేనిదానికి విడదీసే శక్తి ఉండదు.

తమ్ముడి కూతురు: గీత గీసిందన్నది నిజం. మచిలీపట్నంలో 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకుంటే అక్కడి మిషనరీ నోబుల్ దొర బడి ఇంచుమించు ఖాళీ అయింది, దూరపు చుట్టాలు సైతం తమ పిల్లలను మాన్పించారు. మతం మారినా ఆస్తి హక్కు పోదని 1850లోనే చట్టం వచ్చింది గాని, అది ఆస్తి ఉన్నవాడికే ఆదరువు. గుండ్లకమ్మలో మునిగిన మాదిగకు పోగొట్టుకోవడానికి పొలం లేదు, ఉన్నవి డప్పు, తోలు, చుట్టాలు. ఆ మూడింటిలో చుట్టాలను మాత్రం అతను ఎందుకు వదల్లేదు? కొత్త మతంలో గోత్రం లేదు, పిండం లేదు, మైల లేదు, పేరంటాలు లేదు. అయినా ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ములని, వారి మధ్య పెళ్లి కూడదని క్రైస్తవ కుటుంబాలు పాటిస్తూనే వచ్చాయి. మేనరికాలు ఆగలేదు. ఏ విశ్వాసం ఆ వరసలను కల్పించిందని మీరంటున్నారో ఆ విశ్వాసం పోయాక కూడా వరసలు ఉన్నాయి.

పెదనాన్న: నీ లెక్క ప్రకారం అవి పోవాలి కదా. పంచుకోవడానికి మడిచెక్క లేనివారి మధ్య ఇంటిపేరు కట్టు ఎందుకు నిలవాలి? ఆదుకోవడానికి అనుకుందామంటే, కరువులో అందరూ ఒకేలా మాడారు. దానికి నీ పక్షంలోనూ జవాబు లేదు.

తమ్ముడి కూతురు: పూర్తి జవాబు లేదు, ఒకటి మాత్రం చెప్పగలను. పెళ్లి సంబంధం వెతకడానికి, కొత్త ఊళ్లో ఒక రాత్రి తలదాచుకోవడానికి, దొరతనంవారి కచేరీలో తమవాడని చెప్పడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు ఎవరన్నది చెప్పేది ఇంటిపేరు. దానికి పొలం అక్కర్లేదు, దేవుడి సాక్ష్యమూ అక్కర్లేదు.

పెదనాన్న: 1879లో పావు అణా పోస్టుకార్డు వచ్చాక చావు కబురును దానిమీద రాసి పంపడం మొదలైంది. అందుకున్నవాడు చదివి, అక్కడికక్కడే చింపి పారేసి, స్నానానికి వెళ్లేవాడు. క్రైస్తవుడైన పాలివాడికి అదే కార్డు వస్తే అతను చింపలేదు, స్నానం చేయలేదు, అయినా భుజాన కండువా వేసుకుని దినానికి బయలుదేరాడు. ఆ ప్రయాణానికి నువ్వు అవసరమని పేరు పెడతావు. నేనైతే అతను పాత నమ్మకంలోని తంతును వదిలేసి, భారాన్ని తనతోనే ఉంచుకున్నాడంటాను.

తమ్ముడి కూతురు: ఆ దినానికి వెళ్లిన ఇంట్లో అతనికి విస్తరి ఎక్కడ వేశారో కూడా మీరు చెప్పాలి, పెదనాన్నగారూ. పంక్తిలో వేశారా, వసారాలో వేశారా?

పెదనాన్న: చాలా ఇళ్లలో వసారాలోనే వేసి ఉంటారు. కాని వేశారు.